ముల్లు లేని జెముడు, కోటమ్మ హస్తవాసి

ఉద్యానవన డిప్లొమా చేతపట్టుకుని మిల్లుల్లో, కాలేజీల్లో, అపార్ట్‌మెంట్లలో తోట సూపర్‌వైజర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. నేను నోరు తెరిచేలోగా ఫోన్ తీసి, ఏ మందు లీటరుకి ఎంత కలపాలో రాసుకోవడానికి సిద్ధమైపోతారు. ఒరేయ్ నాయనా, మందు మోతాదు డబ్బా మీదే ఉంటుంది. దానికి నా దాకా రావడమెందుకు? మొక్క చచ్చినప్పుడు సూపర్‌వైజర్ ఏం చేస్తాడో, ఏం చేయకూడదో ఏ డబ్బా మీదా రాసి ఉండదు. అది చెబుతాను, ఫోన్ లోపల పెట్టండి.

చిలకలూరిపేట హైవే పక్కన ఒక స్పిన్నింగు మిల్లులో తోట చూశాను. నా సర్వీసు దాదాపు అంతా అక్కడే గడిచింది. లాను, క్రోటన్లు, గేటు పక్క కాగితంపూల తీగలు, గెస్ట్‌హౌస్ ముందు గులాబీలు అన్నీ పెంచాను. వాటిలో సగం నేను ఉన్నా లేకపోయినా పెరిగేవే. నాకు పని నేర్పింది మాత్రం ఒకే ఒక చెట్టు. దానికి ఆకు లేదు, ముల్లు లేదు, చాలాకాలం నాకు దాని మీద ఇష్టమూ లేదు.

ఎండీ గారి కోరిక, సిద్ధాంతి గారి మాట

మిల్లుకి కొత్త ఆఫీసు కట్టినప్పుడు ఎండీ గారికి గుమ్మం ఎదురుగా నిలువుగా ఎదిగే కాక్టస్ ఒకటి పెట్టాలని బుద్ధి పుట్టింది. ఏదో హోటల్లో చూసి వచ్చారు. మనం బ్రహ్మజెముడు అంటామే, ఆ తరహాది. ఆయన నమ్మే సిద్ధాంతి గారేమో ముళ్ళ చెట్టు సింహద్వారానికి ఎదురుగా పనికిరాదన్నారు. ఎండీ గారు తన కోరికా, సిద్ధాంతి గారి మాటా రెండూ పోనివ్వని మనిషి. కడియం నర్సరీలన్నీ గాలించి ముల్లు లేని జెముడు పట్టుకొచ్చారు. నాలుగడుగుల ఎత్తు, మనిషి భుజమంత లావు, పచ్చగా, నున్నగా, మైనం పూసినట్టు ఉంది. పక్కలకి కొమ్మల్లేవు. ముళ్ళు ఉండాల్సిన చోట బుడిపెలు మాత్రం ఉన్నాయి.

జీఎం గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమయ్యా హనుమంతరావూ, దీన్ని పెంచడానికి నీకు జీతం కూడానా? జెముడంటే పడేసినా బతుకుద్ది కదా" అన్నారు.

నేనూ అదే అనుకున్నాను. మిరప చేలల్లో పుట్టి పెరిగినవాణ్ణి, జెముడు నాకు లెక్కా?

మన నల్లరేగడి దానికి యముడు

ముందుగా నేల సంగతి చెబుతాను. మన నల్లరేగడి గొప్పదే. పత్తికి, మిరపకి దాన్ని మించింది లేదు. కానీ ఒక వాన పడితే పది రోజులు తడి వదలదు, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. జెముడు వేరుకి ఈ రెండూ పడవు. అందుకే దాన్ని గోతిలో పెట్టకూడదు, దిబ్బ మీద పెట్టాలి. మోకాలెత్తు దిబ్బ పోయండి. అడుగున ఇటుక ముక్కలు, దాని మీద సన్నకంకర, పైన ఎర్రమట్టి, ఇసుక కలిపిన మట్టి. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి దిగిపోవాలి.

ఇసుక దగ్గరే నా మొదటి తప్పు జరిగింది. జీఎం గారు ఆదివారం కుటుంబంతో వాడరేవు వెళ్ళి, వస్తూ వస్తూ ఎవరికో చెప్పి సముద్రపు ఇసుక తెప్పించారు. "ఇసుక ఇసుకే కదయ్యా!" అన్నారు. అందులో ఉప్పుంటుందని నాకు తెలుసు. పెద్దాయన మాటకి ఎదురు చెప్పడమెందుకులే అని ఊరుకున్నాను. నాలుగు నెలలకి చెట్టు మొదట్లో పసుపు తిరిగింది. మొత్తం పెళ్ళగించి, వేర్లు కడిగి, నీడలో ఆరబెట్టి, ఏటి ఇసుకతో దిబ్బ మళ్ళీ పోశాను. ఇసుక గురించి తెలియకపోవడం జీఎం గారి తప్పు కాదు. తెలిసి నోరు మూసుకోవడం నా తప్పు. ఆ పాఠం అక్కడే ఒంటబట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఇక ఎండ. నర్సరీలో నీడ వలల కింద పెరిగిన చెట్టుని తెచ్చి మన ఎండలో నిలబెడితే దాని ఒళ్ళు కాలుతుంది. ఆ మచ్చ జన్మలో పోదు. మొదటి నెల పల్చటి గుడ్డ కప్పండి. చోటు మార్చేటప్పుడు దక్షిణం వైపు ఒక పీలిక కట్టి, కొత్త చోటా ఆ పక్కనే దక్షిణానికి తిప్పి పెట్టండి. ఎండకి అలవాటు పడిన ఒళ్ళు ఎండ వైపే ఉండాలి. వేసవిలో పదిహేను రోజులకోసారి నీళ్ళు చాలు. అదీ, ఒక పుల్ల లోతుగా గుచ్చి చూసి, అది పొడిగా వస్తేనే. వానల్లో, చలికాలంలో అసలు వద్దు. యూరియా మాట తలవకండి. మనవాళ్ళకి పిడికెడు చల్లందే చెయ్యి ఊరుకోదు. చల్లితే గబగబా ఉబ్బి, ఒళ్ళు మెత్తబడి, మొదటి గాలికే ఒరుగుతుంది.

కోటమ్మ

తోటలో నా కింద ముగ్గురు పనివాళ్ళు ఉండేవారు. అందులో కోటమ్మ ఒకతే మనిషి, తక్కిన ఇద్దరూ హాజరు. అప్పటికి ఆమెకి యాభై దాటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పేటకి ఆటోలో వచ్చే దూరంలో వాళ్ళ ఊరు.

ఆ ఊళ్ళో ఆమెకి ఒక పేరుంది. మిరప నాట్లు మొదలుపెట్టే రోజు ఏ రైతైనా మొదటి మొక్క కోటమ్మ చేత పెట్టించేవాడు. పత్తి గింజ వేసినా మొదటి గింజ ఆమెదే. హస్తవాసి మంచిదని. ఆ రోజుల్లో నా దగ్గర సెలవు అడిగేది కూడా కాదు, చెప్పేది. "రేపు రాను సార్, శేషయ్య గారి చేలో మొదలెట్టాలి" అనేది. అది చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. కలెక్టరమ్మ క్యాంపుకి వెళ్తున్నట్టు ఉండేది.

జెముడుని మొదటిసారి చూసి ముక్కున వేలేసుకుంది. "ఏంది సార్ ఇది, ఆకూ లేదు, ముల్లూ లేదు. తిరపతి పోయొచ్చిన గుండల్లే ఉంది."

"నీళ్ళు పోయకూడదు దీనికి. నేను చెప్పిందాకా పైపు ఈ దిబ్బ వైపు రాకూడదు" అన్నాను.

"నీళ్ళడగని మొక్కా! అయితే దీనంత ఉత్తమురాలు మా ఊళ్ళో లేదు" అని నవ్వింది. ఆ తర్వాత ఒక్కనాడు కూడా నా మాట దాటలేదు.

పిండినల్లి పట్టినప్పుడు ముందు చూసింది కూడా ఆమే. మిల్లుకి పత్తి లారీలు వస్తూనే ఉంటాయి. పత్తి మీది పురుగుకి జెముడు చేదేం కాదు. బుడిపెల సందుల్లో తెల్లగా దూది అంటుకున్నట్టు కనిపిస్తే, ఎగిరొచ్చిన దూదే అనుకున్నాను నేను. కోటమ్మ వేలితో గీకి చూపించింది. "దూదికి కాళ్ళుంటయ్యా సార్?" నేను మిరపకి కొట్టే నూనె మందు తెమ్మన్నాను. కొట్టాను కూడా, మిట్టమధ్యాహ్నం. కొట్టిన వైపంతా మైనం కరిగిపోయి, కాలిన మచ్చలు పడ్డాయి. చివరికి పాత పళ్ళ బ్రష్షు, సబ్బు నీళ్ళతో రోజుకి కొంచెం చొప్పున, చెయ్యి అందినంత మేర పురుగుని తోమేసింది ఆమే. పైభాగం నేను తోమేవాణ్ణి. మీరూ అదే చెయ్యండి, సాయంత్రం పూట. మిరప మందులు మిరపకే ఉంచండి.

అలా కొన్నేళ్ళకి చెట్టు ఏడడుగులు అయింది. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు.

దసరా నాడు నేను చేసిన పని

దసరాకి మిల్లులో ఆయుధ పూజ పెద్ద ఎత్తున చేస్తారు. మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు, బంతిపూల దండలు పెట్టి, గేటు దగ్గర గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు కోటమ్మ సెలవులో ఉంది. నిమ్మకాయ, మిరపకాయల దండలు కట్టగా ఒకటి మిగిలింది. జీఎం గారు దాన్ని నా చేతిలో పెట్టారు.

"హనుమంతరావూ, ఇది ఆ జెముడికి తగిలించు. జెముడంటే దిష్టి చెట్టే కదా."

మన వైపు సంగతి మీకు తెలిసిందే. ఇంటి ముందు జెముడు ముక్క వేలాడదీసి, దాని ముల్లుకే నిమ్మకాయ గుచ్చుతాం. నేను వెళ్ళి తగిలించబోతే జారిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. తగిలించడానికి ముల్లేది? దారం చుట్టూ తిప్పి కడితే ఏ గొడవా లేదు. కానీ దారం పొట్టిది, ఇంకో దారం వెతకాలి. ఎండీ గారి కారు గేటులోకి వచ్చేసింది. కార్పెంటర్ పెట్టె పక్కనే ఉంది. అందులోంచి రెండంగుళాల మేకు తీసి, నా తల ఎత్తున, బుడిపెల మధ్య గాడిలో పెట్టి, కొబ్బరికాయ కొట్టే రాయితో రెండు దెబ్బలు వేశాను. సుతారంగా దిగిపోయింది. చుక్క చుక్కగా నీరు కారింది. దండ తగిలించి, చేతులు దులుపుకుని, ఎండీ గారికి ఎదురెళ్ళి దణ్ణం పెట్టాను. ఉద్యానవన డిప్లొమా చదివినవాణ్ణి నేను!

మర్నాడు కోటమ్మ వచ్చి దండ చూసి, "ఎట్టా నిలబడింది సార్ ఇది?" అంది.

"కట్టాంలే" అన్నాను.

దండ ఎండిపోయాక ఎవరో లాగి పారేశారు. మేకు తల గాడిలో ఉండిపోయింది. కోటమ్మకి అందని ఎత్తు.

నేను రాసిన రిపోర్టు

కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. తెరిపిచ్చిన రోజు చూస్తే చెట్టు నడుము గోధుమరంగుకి తిరిగి, నొక్కితే వేలు దిగేంత మెత్తగా ఉంది. ఒక పక్కకి ఒరిగింది. వాసన కూడా వస్తోంది.

జీఎం గారు కేకలు మొదలుపెట్టారు. "ఎండీ గారు రేపు వస్తున్నారు. ఏం చెప్పమంటావు? ఎవరు చేశారిది?"

దిబ్బ తడిగా ఉంది. మూడు రోజుల వానకి ఊరంతా తడిగానే ఉంది. పక్కన క్రోటన్ల కోసం కోటమ్మ వాడే పైపు పడి ఉంది. నేను ఆ పైపు వైపు చూశాను. జీఎం గారు నేను చూసిన వైపు చూశారు. అంతే, అక్కడే అయిపోయింది.

మేకు గుర్తు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది. తల పైకెత్తి ఆ గాడి వైపు చూడబోయి, దించుకున్నాను. నీటి వల్ల వచ్చే కుళ్ళు మొదట్లో పుడుతుంది, నడుములో కాదు. ఇది మొదటి ఏడాది పాఠం. వంగి మొదలు నొక్కి చూస్తే తేలిపోయేది. వంగలేదు. లోపలికి వెళ్ళి తెల్లకాగితం మీద రాసిచ్చాను: అధిక నీటి వల్ల వేరుకుళ్ళు, పనివారి అజాగ్రత్త.

కోటమ్మని పిలిచారు. "నేను పొయ్యలేదు సార్" అంది నాతో. జీఎం గారితో కాదు, నాతోనే. "మీరు చెప్పాక ఒక్క చెంబు కూడా పొయ్యలేదు. మీకు తెలుసుగా."

నేను చేతిలో పెన్ను తిప్పుకుంటూ నిలబడ్డాను. జీఎం గారు రేపట్నుంచి రావొద్దన్నారు. ఆమె చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందంటారే, అదిగో, దిష్టి తీయబోయి ఒక మనిషి బతుకు మీదికి తెచ్చాను.

కత్తికి తగిలింది

కోటమ్మ వెళ్ళిన నాలుగో రోజు ఎండ కాసింది. కుళ్ళిన భాగం తీసేస్తే పైముక్క దక్కుతుందేమోనని కత్తి పట్టుకున్నాను. పద్ధతి చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. పొడి రోజే కోయాలి. కత్తిని స్పిరిట్‌తో తుడవాలి, ప్రతి కోతకీ మళ్ళీ తుడవాలి. కుళ్ళు వదిలి, మంచి ఒంట్లోకి వెళ్ళి కోయాలి. కోసిన ముఖం మీద నడిమధ్యలో చిన్న గోధుమ చుక్క ఉన్నా, ఇంకో బిళ్ళ కోసెయ్యాలి. జాలి పడితే మొత్తం పోతుంది.

ముందు కింద కోశాను, మోకాలెత్తున. తెల్లగా, గట్టిగా, దోసకాయ ముక్కలా ఉంది. మొదలు శుభ్రంగా ఉంది, వేరుకి ఏమీ కాలేదు. కొంచెం పైకెళ్ళి కోశాను, మధ్యలో మరక కనిపించింది. ఇంకా పైకెళ్ళే కొద్దీ కుళ్ళు ముదిరింది. నా తలెత్తుకి వచ్చేసరికి కత్తి ఠంగుమంది.

మేకు తుప్పు పట్టి ఉంది. దాని చుట్టూ నల్లగా, అక్కణ్ణుంచి కిందికి కారుతూ పోయింది కుళ్ళు. వాన నీళ్ళు ఆ కన్నంలోంచే దిగాయి.

అక్కడే దిబ్బ మీద కూలబడ్డాను. సిగ్గేసింది. తోట పనివాడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు, ఎండదెబ్బ అనుకుని.

పైన ఇంకా మూర పొడవు మిగిలింది. బిళ్ళలు బిళ్ళలుగా కోసుకుంటూ పోతే, శుభ్రమైన ముఖం వచ్చేసరికి జానెడున్నర మిగిలింది. మిరపలో బూడిద తెగులుకి వాడే గంధకం పొడి అద్ది, నీడలో నిలబెట్టాను. మేకుని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని జీఎం గారి గదికి వెళ్ళాను.

ఆయన మేకు చూశారు. నన్ను చూశారు. "ఎందుకయ్యా ఇప్పుడివన్నీ? కొత్త మనిషిని పెట్టేశాం. దండ తగిలించమంది నేనని కూడా చెబుతావా?"

"మీరు తగిలించమన్నారు సార్, మేకు కొట్టమనలేదు. కొట్టింది నేను. రిపోర్టు రాసిందీ నేనే. అది తప్పని ఎండీ గారికి చెబుతాను."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఊరుకో."

ఈసారి ఊరుకోలేదు. ఎండీ గారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచి కిటికీలోంచి ఆ మొండెం వైపు చూశారు. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే. చివర్లో, "ముందు ఆమెని పిలుచుకురా" అన్నారు. జీఎం గారు నాతో సంక్రాంతి దాటిందాకా మాట్లాడలేదు.

కోటమ్మ అడిగింది

స్కూటర్ మీద వాళ్ళ ఊరు వెళ్ళాను. కోటమ్మ వాకిట్లో కూర్చుని చేటలో కందులు చెరుగుతోంది. లేవలేదు. కూర్చోమనీ అనలేదు. నిలబడే చెప్పాను: మేకు కొట్టింది నేను, మొదలు బాగానే ఉంది, నీ తప్పు లేదు, ఎండీ గారు రమ్మంటున్నారు.

చెరగడం ఆపకుండానే వింది. "ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా సార్? కోటమ్మ చెయ్యి పడితే జెముడు కూడా చచ్చిందంట."

చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"పడేసినా బతికే చెట్టుని చంపిందంట. ఇంక మిరప మొక్క ఎట్టా పెట్టిస్తారు నా చేత? మొన్న ఎదురింటావిడ కరివేపాకు మొక్క నాటుతా, నేను దగ్గరకి పోతే 'నువ్వుండు కోటమ్మా' అంది. నవ్వుతానే అంది."

"పనిలోకి రా కోటమ్మా. అందరికీ తెలుస్తుంది నీ తప్పు లేదని."

"పనికేం సార్, పేట నిండా జిన్నింగు మిల్లులే. ఎక్కడో చోట చేసుకుంటా. మీరు ఒప్పుకుంది ఏసీ గదిలో. నా పేరు పోయింది ఇక్కడ." చేట కింద పెట్టింది. "ఇక్కడ చెప్పండి."

"ఇప్పుడే చెబుతాను. పద, ఎవరికి చెప్పమంటావో చెప్పు."

"ఇప్పుడెవరు వింటారు? ఎవరి చేలో వాళ్ళున్నారు. ఒకళ్ళకి చెబితే ఇంకొకళ్ళకి ఇంకోలాగ చేరుద్ది. నాట్లప్పుడు రండి. అందరూ ఒకే చేలో ఉంటారు." మళ్ళీ చేట అందుకుంటూ అడిగింది. "పైముక్క ఉందా?"

"ఆరబెట్టాను."

"అది బతకాలి సార్. అది కూడా చస్తే మీరు వంద చెప్పినా ఎవడూ నమ్మడు."

"వచ్చి నువ్వే నాటు."

"ఇంకా నయం! ఇది కూడా కుళ్ళితే అప్పుడు నిజంగానే నా నెత్తి మీద పడుద్ది. మీరే బతికించండి."

నాట్లంటే ఇంకా తొమ్మిది నెలలు. సరే అన్నాను. దీన్ని బతికించకుండా నేను రిటైర్ అవ్వనని తిరుగు దారిలో గట్టిగా అనుకున్నాను.

జానెడున్నర ముక్క

మిరప నారు పీకిన గంటలో నాటి, నాటిన వెంటనే నీళ్ళు పోస్తాం. తాత ముత్తాతల నుంచీ మన చేతులకి తెలిసిన పని అదే. ఆ చేతులతోనే జెముడు ముక్కల్ని చంపుతాం. కోసిన ముక్కకి గాయం ఆరి, పక్కు కట్టాలి. వేసవిలో అయితే మూడు వారాలు చాలు. నాది చలికాలం, అందుకని ఆరు వారాలు ఆగాను. పడుకోబెడితే వంకర తిరుగుతుంది కాబట్టి ఇంటికి తెచ్చుకుని ఖాళీ కుండీలో నిలబెట్టే ఉంచాను. వేలితో తడితే చెక్కని తట్టినట్టు చప్పుడు రావాలి. వచ్చాక, కంకర, ఏటి ఇసుక, గుప్పెడు ఎర్రమట్టి కలిపిన కుండీలో రెండంగుళాలు లోతుగా నిలబెట్టాను. ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు. పడిపోకుండా చుట్టూ రాళ్ళు పెట్టాను. పత్తి కట్టె ఊతం పెట్టకండి, పిండినల్లిని చేతులారా పిలిచినట్టే.

అది మెల్లగా ముడతలు పడటం మొదలుపెట్టింది. చూస్తే ప్రాణం కొట్టుకుపోయేది. రోజూ చెంబు దాకా చెయ్యి వెళ్ళేది. మా ఆవిడ, "దాహంతో ఛస్తోంది, ఒక్క గుక్క పోయండీ, మీరేం మనిషి!" అనేది. అది దాహం కాదు. వేరు పుట్టాలంటే దానికి అవసరం కలగాలి. తడి తగిలితే వేరు రాకముందే కుళ్ళు వస్తుంది. ఐదు వారాలకి కుండీ అంచుల్లో కొద్దిగా తడిపాను. మళ్ళీ రెండు వారాలు ఆగాను. వేర్లొచ్చాయో లేదోనని పీకి చూడాలనిపిస్తుంది. పీకకండి. రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం కదపండి. కదిలితే రాలేదు, బిగిసి ఉంటే వచ్చాయి.

శివరాత్రి వెళ్ళాక ఒక పొద్దున కదిపితే కదల్లేదు. నేను అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఎండలు ముదిరేసరికి ముడతలు పోయి, కొసన లేతాకుపచ్చ రంగులో కొత్త పెరుగుదల కనిపించింది. మిల్లులో మిగిలిన మొండెం కూడా ఊరుకోలేదు. పక్కల నుంచి రెండు పిలకలు వేసింది.

శేషయ్య చేలో

నాట్ల రోజు కోటమ్మ ఫోన్ చేయలేదు. నేనే కనుక్కున్నాను. శేషయ్య గారి చేలో మొదలుపెడుతున్నారని తెలిసి, కుండీని స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరాను. పొద్దు అప్పుడే పొడిచింది. చేలో పాతిక మంది ఆడవాళ్ళు, చేతుల్లో నారు కట్టలు. గట్టు మీద శేషయ్య గారు తువ్వాలు నెత్తికి చుట్టుకుని నిలబడ్డారు. మొదటి మొక్క పెట్టడానికి ఇంకెవరినో పిలిపిస్తున్నారు. కోటమ్మ అందరికంటే వెనక, చివరి సాలు దగ్గర ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తల దించుకుని నిలబడింది. పెద్ద గొంతు కోటమ్మ అలా నిలబడటం నేను ఎన్నడూ చూడలేదు.

కుండీ మోసుకుంటూ గట్టు మీదికి వెళ్ళాను. బురదకి ఒక చెప్పు ఊడిపోయింది, తీసుకోలేదు.

"ఎవరు మీరు? ఆ కుండీ ఏందండీ?" అన్నారు శేషయ్య గారు.

"మిల్లులో తోట సూపర్‌వైజర్నండి. జెముడు కోటమ్మ వల్ల చచ్చిందని మీ ఊళ్ళో అనుకుంటున్నారంట. అది చావలేదు. ఇదిగో."

చేతుల్లో కట్టలు ఆగాయి. శేషయ్య గారు దగ్గరికొచ్చి వేలితో నొక్కి చూశారు. "మరి కుళ్ళిందన్నారే?"

"కుళ్ళింది. దసరా నాడు నిమ్మకాయ దండ తగిలించడానికి దానికి ముల్లు లేకపోతే నేను మేకు కొట్టాను. ఆ కన్నంలోంచి వాన నీళ్ళు దిగి కుళ్ళింది. నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి కోటమ్మ నీళ్ళు పోసిందని కాగితం రాసిచ్చాను. ఆమె ఒక్క చెంబు కూడా పోయలేదు. అన్నేళ్ళు దాన్ని పెంచింది ఆమే."

ముందు వరసలో ఒక ముసలావిడ నోరు నొక్కుకుంది. "ఓరి దేవుడో! పచ్చని చెట్టుకి మేకు కొట్టారా? సదువుకున్నోళ్ళేనా మీరు?"

"చదువుకున్నానమ్మా" అన్నాను. నవ్వులు లేచాయి. చెవులు కాలిపోతున్నాయి నాకు, అయినా తల దించలేదు.

శేషయ్య గారు తువ్వాలు విప్పి దులిపారు. మళ్ళీ చుట్టుకున్నారు. "కోటమ్మా, ఇట్టా ముందుకి రా. మొదటి మొక్క నువ్వే పెట్టు" అన్నారు.

ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. కోటమ్మ మొదటి సాలు దగ్గరికి వచ్చింది. ఎవరో నారు మొక్క అందించారు. తీసుకుంది. కానీ వంగలేదు. వెనక్కి తిరిగి చేను ఆ చివరి దాకా ఒకసారి చూసి, తిన్నగా నా కళ్ళలోకి చూసింది.

"ఆ చివరున్నోళ్ళకి వినపళ్ళేదంట సార్" అంది, తన పాత గొంతుతో. "మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను, మొదటి నుంచీ, గట్టిగా. అప్పుడు వంగింది.